అరస్వరం దించిన పియానో

పదవీ విరమణకు నాలుగు నెలల ముందు, జూలై మొదటి సోమవారం నాడు నాకు ఆ పని అప్పగించారు. సికింద్రాబాద్‌లోని ఒక సంగీత వాద్యాల దుకాణంలో నేను సీనియర్ టెక్నీషియన్‌ని. పియానోలు శ్రుతి చేయడం, బాగు చేయడం, ఎవరైనా పాతది కొనబోతుంటే ముందుగా వెళ్లి చూసి రావడం నా ఉద్యోగం. మా దగ్గర ప్రతి పనికీ జాబ్ షీట్ అనే కాగితం ఉంటుంది. ఆ రోజు కాగితం మీద జూబ్లీహిల్స్‌లో ఒక సినీ నిర్మాత ఇంటి చిరునామా, దాని కింద ఇలా రాసి ఉంది: "బేబీ గ్రాండ్ పియానో ఒకటి. వచ్చే ఆదివారం సాయంత్రం కచేరీ. క్లారినెట్‌తో."

చివరి మాట కింద మా మేనేజరు రెండు గీతలు గీశారు. పియానో ఒక్కటే మోగుతున్నప్పుడు మొత్తం కాస్త కిందికి ఉన్నా, పైకి ఉన్నా ఎవరికీ ఇబ్బంది లేదు, దానిలో అది సరిపోతుంది. పక్కన మరో వాద్యం చేరితే ఇద్దరికీ ఒకే శ్రుతి కావాలి. క్లారినెట్ వాయించేవాడు గొట్టం అతుకు కొద్దిగా లాగి శ్రుతి కాస్త దించుకోగలడు. అంతకు మించిన సర్దుబాటు ఆయన చేతిలో లేదు. పియానో వాయించేవారి చేతిలో అయితే ఏమీ లేదు. కాబట్టి ముందుగా సర్దాల్సినవాడు నాలాంటివాడే.

క్లారినెట్ వాయించబోయేది యాదగిరి అని తెలిశాక నేనూ మనసులో మూడో గీత గీసుకున్నాను.

యాదగిరి నాకు ముప్ఫై ఏళ్లుగా స్నేహితుడు. యూసుఫ్‌గూడలో ఉంటాడు. వాళ్ల నాన్న పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయించేవాడు. యాదగిరి కూడా చిన్నప్పటి నుంచి బారాత్ గుర్రాల ముందు నడుస్తూ వాయించి, తర్వాత ఒక రిటైర్డ్ మిలటరీ బ్యాండ్ మాస్టారి దగ్గర నొటేషన్ చదవడం నేర్చుకుని సినిమా రికార్డింగులకు వచ్చాడు. ఇలాంటివాళ్లను సెషన్ ప్లేయర్లు అంటారు. పిలిచిన రోజున వచ్చి, స్టాండు మీద పెట్టిన కాగితం చూసి వాయించి, వెళ్లిపోవాలి. పాట ఊరూరా మోగినా వాళ్ల పేరు ఎక్కడా పడదు.

ఆ కచేరీకి ఎనిమిదేళ్ల ముందు, ఫిలింనగర్ స్టూడియో ఒకదానిలో ఆ పని కూడా పోయింది. ఆ రోజు అక్కడి పియానో చూడటానికి వెళ్లి నేనూ ఉన్నాను. సంగీత దర్శకుడి అసలు పేరు చెప్పను, ఆనంద్ గారనుకుందాం. ఏ చప్పుడు విన్నా అది ఏ స్వరమో చెప్పగలనని ఆయనకు పేరు. టీవీ ఇంటర్వ్యూల్లో ప్రెషర్ కుక్కర్ విజిల్‌కి కూడా స్వరం చెప్పేవారు. అద్దానికి అవతల కూర్చున్న దర్శకుడి మాట ఇవతల వాద్యకారులకు వినిపించడానికి టాక్‌బ్యాక్ అనే మైకు ఉంటుంది. ఆ మైకులో ఆయన, వాద్యకారులందరూ వింటుండగా, "క్లారినెట్ శ్రుతి తక్కువ. ఆయన్ని ఇంటికి పంపించండి, ఆ బిట్ కీబోర్డులో వేసుకుందాం" అన్నారు. యాదగిరి ఏదో చెప్పబోయాడు. అప్పటికే మైకు ఆగిపోయింది. శ్రుతి నిలవదన్న మాట ఒకసారి పడ్డాక మిగతా దర్శకులు కూడా పిలవడం మానేశారు. "ఆయన చెవి ఉత్త డబ్బా" అని యాదగిరి ఎనిమిదేళ్లు అంటూనే ఉన్నాడు. నేను అవుననేవాణ్ని.

ఆదివారం కచేరీకి ముఖ్య అతిథి ఆ ఆనంద్ గారే.

ఆ నిర్మాత ఇంటి ఇల్లాలు విజయలక్ష్మి గారిది భీమవరం వైపు. నెలకొకసారి తమ హాల్లో యాభై అరవై మందిని పిలిచి సంగీతం పెట్టిస్తారు. వీణ, వయొలిన్, గజల్ అయిపోయాయి. ఒక పెళ్లిలో యాదగిరి వాయించడం విని, ఆయన పాశ్చాత్య సంగీతం కూడా చదివి వాయిస్తాడని తెలుసుకుని, ఈసారి క్లారినెట్, పియానో అని నిర్ణయించారు. పియానో ఆవిడదే. వాళ్లాయన ఒక సినిమా పాట కోసం ఎక్కడో కాన్వెంటు నుంచి కొని తెప్పించారు. ఆ పాటలో కథానాయిక దాని మీదకెక్కి నాట్యం చేసింది. శబ్దం మాత్రం కీబోర్డుది. పాట అయ్యాక పియానో ఇంటికి వచ్చి, పూలకుండీలు మోస్తూ ఉండిపోయింది.

మంగళవారం వెళ్లి మూత ఎత్తి చూశాను. శ్రుతి మీటరు పెట్టి కొలిస్తే, ఉండాల్సిన చోటుకు దాదాపు అరస్వరం కింద ఉంది. అంటే వేళ్లతో నొక్కే నలుపు తెలుపు మెట్లలో పక్కపక్కన ఉండే రెంటి మధ్య ఉన్నంత తేడా. పియానోలో రెండు వందలకు పైగా తీగలు ఉంటాయి. వాటిని బిగించే మేకులు ఒక మందపాటి చెక్కలో దిగి ఉంటాయి. ఆ చెక్క పగుళ్లు పట్టింది, తీగలు తుప్పుపట్టాయి. అంత పైకి లాగితే తీగలు తెగుతాయి, తెగనివి రెండు రోజుల్లో మళ్లీ జారుతాయి. అయినా ప్రయత్నించకుండా చెప్పకూడదని ఒక తీగ లాగి చూశాను. అది తెగిన చప్పుడుకి గేటు దగ్గరి సెక్యూరిటీ మనిషి లోపలికి పరిగెత్తుకొచ్చాడు.

ఇంకో పియానో అద్దెకు తెప్పిద్దామని విజయలక్ష్మి గారికి చెప్పాను.

"ప్రసాద్ గారూ, కార్డులు పంచేశామండీ. మా పియానో మొదటిసారి మోగుతుందని అందరికీ చెప్పుకున్నాను. ఇంకోళ్లది తెచ్చి పెడితే ఏం బావుంటుంది చెప్పండి" అన్నారామె.

ఆ సాయంత్రం యూసుఫ్‌గూడ వెళ్లి యాదగిరికి సంగతి చెప్పాను. ఆయన టీ కప్పు కింద పెట్టాడు.

"ఎంత తక్కువున్నది తమ్మీ? అరస్వరమా?"

"దాదాపు. ఇంకాస్త దించితే సరిగ్గా అరస్వరం అవుతుంది."

"అయితే దించు" అన్నాడు.

ఇక్కడ కొంత వివరించాలి. పాశ్చాత్య సంగీతంలో స్వరాలకు ఎ, బి, సి అని ఇంగ్లిషు అక్షరాలే పేర్లు, పక్కన ఫ్లాట్ అని ఉంటే అరస్వరం కింద, షార్ప్ అని ఉంటే అరస్వరం పైన. సినిమాల్లో, పెళ్లి బ్యాండుల్లో వాడేది బి-ఫ్లాట్ క్లారినెట్. దానికి 'ఎ' క్లారినెట్ అని ఒక జంట ఉంది. చూడటానికి ఒకేలా ఉంటుంది, వేలెడు పొడవు ఎక్కువ. బి-ఫ్లాట్ క్లారినెట్ మీద పెట్టిన వేళ్లే దీని మీద పెడితే ప్రతి స్వరమూ సరిగ్గా అరస్వరం కింద పలుకుతుంది. పియానో మొత్తం అరస్వరం కింద ఉండి, యాదగిరి కూడా అరస్వరం కింద పలికే క్లారినెట్ పట్టుకుంటే, ఇద్దరూ తమ కాగితాల్లో ఉన్నది ఉన్నట్టు వాయించవచ్చు. వినేవాళ్లకు తేడా తెలియదు. తెలియాలంటే ఆనంద్ గారు చెప్పుకునేలాంటి చెవి ఉండాలి.

చిక్కల్లా ఆ 'ఎ' క్లారినెట్ ఎక్కడ దొరుకుతుందన్నదే. మా దుకాణంలో లేదు. తెలిసిన బ్యాండువాళ్లెవరి దగ్గరా లేదు. చివరికి యాదగిరికి గుర్తొచ్చింది: షేక్‌పేటలో సినిమా షూటింగులకు సామాన్లు అద్దెకిచ్చే గోదాము. బుధవారం పొద్దున ఇద్దరం వెళ్లాం. రాజుల సింహాసనాలు, పోలీసు లాఠీలు, థర్మాకోల్ శివలింగాలు దాటుకుంటూ వెళితే, వెనక అరలో ఒక తోలుపెట్టె కనిపించింది. దాని మీద సుద్దతో "సన్నాయిలు – 2" అని రాసి ఉంది. తెరిస్తే జంట క్లారినెట్లు. యాదగిరి ఒకదాన్ని వెలుతురులోకి తిప్పి, చెక్క మీద చెక్కిన 'ఎ' అక్షరం నాకు చూపించాడు.

గోదాము మేనేజరు రిజిస్టరు తీసి, "ఏం సీనుకు సార్?" అని అడిగాడు.

"పెద్దోళ్ల ఇంట్ల ఫంక్షన్ సీను" అన్నాడు యాదగిరి.

రంధ్రాల మీద మూసుకునే ప్యాడ్లు ఎండిపోయి ఉన్నాయి. వాటిని ఆయనే రెండు రోజులు కూర్చుని మార్చుకున్నాడు. నోటి దగ్గరి ముక్క రెండు క్లారినెట్లకూ ఒకటే సరిపోతుంది కాబట్టి తనదే తొడుక్కున్నాడు. నేను బుధవారం మధ్యాహ్నం నుంచి శుక్రవారం దాకా పియానో ముందు కూర్చుని, నా ఉద్యోగంలో మొదటిసారి, శ్రుతి తగ్గిన వాద్యాన్ని ఇంకా దించాను. మా వృత్తిలో పని ముగిశాక తేదీ, పెట్టిన శ్రుతి పెన్సిల్‌తో ఒక చీటీ మీద రాసి మూత లోపలి వైపు అంటిస్తాం. ఆ తర్వాత వచ్చే టెక్నీషియన్‌కి అది గుర్తు. నేనూ రాశాను: అరస్వరం తక్కువ. విజయలక్ష్మి గారికి మాత్రం "పియానో సిద్ధంగా ఉందండీ" అని ఊరుకున్నాను. అది అబద్ధం కాదు. నిజం మొత్తం కూడా కాదు.

పియానో వాయించింది స్టెల్లా. మధురానగర్‌లో ఒక బడిలో సంగీతం టీచరు, మా చర్చిలో ఆదివారం ఆర్గన్ వాయించేది కూడా ఆ అమ్మాయే. శనివారం రిహార్సల్‌లో రెండు నిమిషాలు వాయించి ఆగిపోయింది.

"అంకుల్, వేళ్లేమో ఇ-ఫ్లాట్ అంటున్నాయి, చెవేమో డి అంటోంది. దేన్ని నమ్మాలండీ?"

సంగతి చెప్పాం. కాసేపు నవ్వింది. తర్వాత, "ఆనంద్ గారికి చెప్పొద్దా మరి?" అంది.

"ఆయనకు మస్తు చెవులున్నయంటరు గద బిడ్డా" అన్నాడు యాదగిరి. "విననీ."

అప్పటికి ముగ్గురం ఒక జట్టయిపోయాం. ఆనంద్ గారు ముందు వరసలో కూర్చుని, ఏమీ తెలియకుండా తల ఊపి, పొగిడి వెళతారు. ఆ ఎనిమిదేళ్ల మాట అబద్ధమని మేం ముగ్గురం మాలో మేం తేల్చుకుంటాం. మా ఆలోచన అంతే. ఎవరినీ నలుగురిలో నవ్వులపాలు చేయాలని మాత్రం అనుకోలేదు.

ఆదివారం ఐదింటి నుంచే యాదగిరి హాల్లో ఏసీ ఎక్కువ తక్కువ కాకుండా ఒకే చోట పెట్టించాడు. చల్లబడితే క్లారినెట్ శ్రుతి దిగుతుంది, వేడెక్కితే ఎక్కుతుంది. ఆరింటికి జనం నిండారు. ఆనంద్ గారు తెల్ల లాల్చీలో వచ్చి ముందు వరస మధ్యలో కూర్చున్నారు. నేను ఆయన వెనకాలే చోటు చూసుకున్నాను. మెడ తప్ప ఏమీ కనపడని చోటు అది. అదే చాలనుకున్నాను.

స్టెల్లా మొదటి కార్డు, అంటే మూడు నాలుగు మెట్లు కలిపి, కొట్టగానే ఆ మెడ కొంచెం పక్కకు తిరిగింది. ఆయన ఒళ్లోని కార్యక్రమ పత్రం తీసి చదివారు. "మూడు భాగాల సొనాటా, ఇ-ఫ్లాట్ శ్రుతి" అని అందులో అచ్చయి ఉంది. ఆ పత్రం మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆ తర్వాత అరగంట కదలలేదు. పేరుకు తగ్గట్టు వింటున్నట్టు నటిస్తున్నారనుకుని లోపల నవ్వుకున్నాను.

యాదగిరి ఆ రోజు ఎలా వాయించాడో చెప్పడానికి నాకు శ్రుతి మాటలు తప్ప వేరే మాటలు రావు. మూడు భాగాల్లో ఒక్క చోట కూడా పియానోకీ ఆయనకీ మధ్య వెంట్రుకవాసి తేడా రాలేదు. తగ్గిస్తూ పోయిన చోట శబ్దం ఎక్కడ ఆగిందో, నిశ్శబ్దం ఎక్కడ మొదలైందో తెలియలేదు. చివర్లో వాళ్ల నాన్న వాయించే అప్పగింతల వరస ఒకటి ఎత్తుకుంటే స్టెల్లా కింద మెల్లగా కార్డులు వేసింది. చప్పట్లు చాలాసేపు కొట్టారు. ఆనంద్ గారు కూడా కొట్టారు, అందరికంటే ఆలస్యంగా ఆపారు.

ఇక్కడితో ముగిసిపోవాల్సింది. కాఫీలు వస్తుండగా విజయలక్ష్మి గారు ఎంతో గర్వంగా, "ఆనంద్ గారూ, మా పియానో మీద మీ విద్య ఒక్కసారి చూపించాలండీ" అన్నారు.

ఆయన వద్దన్నారు. అతిథులు పట్టుబట్టారు. చివరికి లేచి పియానోకు వీపు పెట్టి, కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు. మెట్టు నొక్కమని స్టెల్లాకి పురమాయించారు. ఆ అమ్మాయి నా వైపు చూసింది. నేను కాఫీ వైపు చూసుకున్నాను.

స్టెల్లా ఒక మెట్టు నొక్కింది.

"బి" అన్నారాయన.

"ఏం నొక్కావమ్మా?" అని అడిగారు విజయలక్ష్మి గారు.

స్టెల్లా చిన్నగా, "సి అండీ" అంది.

ఎవరో మర్యాదగా దగ్గారు. రెండోది జి నొక్కితే ఆయన "ఎఫ్ షార్ప్" అన్నారు. మూడోది ఎఫ్ నొక్కితే "ఇ" అన్నారు. వెనక నుంచి ఒక సినిమా దర్శకుడు, "కుక్కర్ విజిల్ ఒక్కటే వచ్చినట్టుంది మనవాడికి" అంటే చాలామంది నవ్వారు.

నాకు చేతిలో కాఫీ చల్లారిపోయినట్టనిపించింది. ప్రతిసారీ సరిగ్గా ఒక మెట్టు కింద. ఊహించి చెప్పేవాడికి అలా రాదు. ఆయన తన చెవిన పడిన స్వరానికి ఉన్న పేరే చెబుతున్నారు. అబద్ధమాడుతున్నది పియానో. ఆ హాల్లో ఆ మాట తెలిసినవాళ్లం ముగ్గురమే. నాలుగోసారి స్టెల్లా ఎ నొక్కింది, ఆయన "ఎ-ఫ్లాట్" అన్నారు. ఈసారి నవ్వు హాలంతా పాకింది. ఆయన చెవులు వెనక నుంచి చూస్తే ఎర్రగా ఉన్నాయి.

క్లారినెట్ తుడుచుకుంటున్న యాదగిరి గుడ్డ పక్కన పెట్టి లేచాడు.

"జర ఆగున్రి అమ్మా. సార్ చెప్పింది కరెక్టే. పియానోనే తక్కువున్నది."

సంచిలోంచి తన సొంత బి-ఫ్లాట్ క్లారినెట్ తీశాడు. నోటి ముక్క మార్చి, ఒక నిమిషం గొట్టంలోకి ఊపిరి ఊది వేడిచేసుకుని, ఒక స్వరం పట్టాడు.

"సి" అన్నారు ఆనంద్ గారు, ఇంకా కిటికీ వైపే చూస్తూ.

"గదే. బిడ్డా, నువ్వు గూడ సి కొట్టు."

రెండూ కలిసేసరికి హాల్లో ఉన్న ప్రతివారికీ పళ్లు జివ్వుమన్నాయి. అది చాలు. ఇక నేను లేవక తప్పలేదు. మూత ఎత్తి, చీటీ చూపించి, ఎందుకు దించానో, ఎలా సర్దామో చెప్పాను. సినిమా దర్శకుడు కాఫీ తాగడంలో మునిగిపోయాడు. విజయలక్ష్మి గారు కాసేపు నన్ను, కాసేపు పియానోను చూశారు.

"దాని మీద అమ్మాయిల చేత డాన్సులు చేయించారు, ఇన్నేళ్లు పూలకుండీలు మోయించారు. కుంగిపోదటండీ మరి" అని వాళ్లాయన వైపు తిరిగారు. నవ్వు అటు మళ్లింది. కానీ వెళ్లబోతుంటే నాతో విడిగా, "నాకు ముందే చెప్పాల్సిందండీ ప్రసాద్ గారూ" అన్నారు.

జనం పల్చబడ్డాక ఆనంద్ గారు మా దగ్గరకు వచ్చారు.

"మొదటి కార్డుకే తెలిసింది నాకు. ఇద్దరూ అంత బాగా కలిసి వాయిస్తుంటే మధ్యలో లేచి చెప్పడం దేనికని ఊరుకున్నాను."

"మరి ఇందాక ఒక మెట్టు పైకి కలుపుకుని చెప్పొచ్చు కదండీ" అని అడిగింది స్టెల్లా.

"విన్నదానికి ఇంకో పేరు పెట్టి చెప్పడం నాకు చేతకాదమ్మా" అన్నారు. తర్వాత యాదగిరి వైపు తిరిగారు. "ఆ రోజు స్టూడియోలో కూడా నేను విన్నదే చెప్పాను."

నేను యాదగిరిని చూశాను. ఆయన తొందరపడలేదు.

"నిజమే సార్. ఆ దినం తక్కువనే ఉండె. ఏసీ కింద కూసోబెట్టిన్రు, కట్టె చల్లబడ్డది. వేడి చేసుకుంటా, రెండు నిమిషాలు ఇయ్యున్రి అని అడగబోయిన. మీరు మైకు బంద్ జేసిన్రు."

ఆనంద్ గారు ఆ క్లారినెట్ వైపు చూశారు.

"చేశాను" అన్నారు. నమస్కారం పెట్టి వెళ్లిపోయారు.

ఆటోలో యూసుఫ్‌గూడ వెళుతూ, నాలుగోసారి దాకా ఎందుకు ఆగావన్నా అని అడిగాను. యాదగిరి కొంచెం నవ్వాడు. "మొదటిసారి ఏం సమజ్ గాలే తమ్మీ. రెండోసారి సమజైంది, మంచిగనిపించింది. మూడోసారి ఆయన చెవులు జూసిన, పాపమనిపించింది." కాసేపటికి, "నాలుగోది నా కోసం" అన్నాడు.

రెండు నెలల తర్వాత ఆనంద్ గారి ఆఫీసు నుంచి యాదగిరికి ఫోన్ వచ్చింది. రికార్డింగ్ రోజున వాద్యకారులందరికీ శ్రుతి చూసుకోవడానికి సమయం ఇచ్చారట. క్లారినెట్ బిట్ మొదటి టేకులోనే ఓకే అయింది. సినిమా విడుదలయ్యాక ఇద్దరం కలిసి వెళ్లి చూశాం. సరిగ్గా ఆ బిట్ వచ్చే చోట హీరోకీ వాళ్ల బామ్మకీ మధ్య డైలాగులు పెట్టారు. యాదగిరి మాత్రం డైలాగుల కింద తన శ్రుతి బాగుందని హాల్లోనే నా చెవిలో చెప్పాడు.

ఆ కచేరీ తర్వాత ఉద్యోగంలో మిగిలిన రోజుల్లో, ఏ పియానో ఏ శ్రుతిలో పెట్టానో చీటీ మీద రాయడంతో సరిపెట్టకుండా, ఇంటివాళ్లకు నోటితో కూడా చెప్పాను. నా వృత్తిలో ఎప్పుడూ చేయాల్సిన పనే అది. నేను ఆలస్యంగా మొదలుపెట్టాను. ఇంకో సంగతి ఒప్పుకోవడం కష్టం. ఎనిమిదేళ్ల కిందట స్టూడియోలో నేను అక్కడే, యాదగిరికి నాలుగడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. శ్రుతి తగ్గిందో లేదో వినడం నాకు తిండి పెట్టిన పని. ఆనంద్ గారు దురుసుగా మాట్లాడారు కాబట్టి ఆయన విన్నది తప్పే అయి ఉంటుందనుకున్నాను. యాదగిరి నా స్నేహితుడు కాబట్టి వినాల్సిన పని లేదనుకున్నాను. శ్రుతి చేసేవాడు అలా అనుకోకూడదు.